పనిలో పోయిన చేయి

ఉత్తరం మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. మొగిలి అప్పుడు గడప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. నాలుగు వేళ్ళు పోయినచోట చర్మం ఇంకా ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. ఆ అరచేతి అంచుకీ బొటనవేలికీ మధ్య రెబ్బను ఇరికించి ఎడమచేతి గోటితో పొట్టు లాగుతున్నాడు. ఆర్నెల్లలో నేర్చుకున్న పని అది. మొదట్లో రెబ్బ జారి సందులోకి ఎగిరిపోయేది. ఇప్పుడు అలా పోవడం లేదు.

కవరు పళ్ళతో చింపి, కాగితాన్ని మోకాలి మీద పరుచుకుని చదివాడు. ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసు నుంచి. గురువారం పదకొండు గంటలకు హాజరు కావాలి. ప్రమాదం డ్యూటీలో ఉండగా జరిగిందని చూపే సాక్షిని గానీ కాగితాన్ని గానీ వెంట తెచ్చుకోవాలి. లేని పక్షంలో ఉపాధి శిక్షణ కోసం పెట్టుకున్న అర్జీని మూసివేస్తారు.

రెండుసార్లు చదివి మళ్ళీ మడిచాడు. మడత సరిగ్గా కుదరలేదు.

ఆ శిక్షణ సంగతి చెప్పింది దవాఖానలో కట్లు విప్పిన డాక్టరు. పనిలో ఉండగా చేయి పోతే, సగానికి సగం పనికి రాకుండా పోతే, వేరే పని నేర్పిస్తారట. విద్యానగర్‌లో ఆర్నెల్ల కోర్సు. నేర్చుకున్నన్నాళ్ళూ భత్యం ఇస్తారు. పెద్ద పెద్ద బిల్డింగుల ఏసీ మిషన్లను కంప్యూటర్ తెర మీద చూస్తూ నడిపించే పని కూడా అందులో ఉందని డాక్టరు అన్నప్పుడు మొగిలి మంచం మీద లేచి కూర్చున్నాడు. పదకొండేళ్ళుగా ఆ మిషన్లతోనే బతికాడు. గాలి తోసే మిషన్ల ఫిల్టర్లు కడగడం, బెల్టులు మార్చడం, బేరింగులకు గ్రీజు పెట్టడం, అన్నీ చేతుల పనే. చేయి పోయింది గానీ చెవి పోలేదు. ఏ బెల్టు వదులైందో తలుపు బయట నుంచే చెప్పగలడు.

మెడికల్ బోర్డు డాక్టర్లు చేతిని అటూ ఇటూ తిప్పి చూసి వైకల్యం యాభై శాతమని రాశారు. అక్కడిదాకా సాఫీగా జరిగింది. చిక్కు అతన్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టు కంపెనీ పంపిన ప్రమాద నివేదికతో వచ్చింది. షిఫ్టు రెండింటికి అయిపోయిందనీ, ప్రమాదం రెండూ నలభైకి జరిగిందనీ అందులో రాశారు. అంటే అది పనిలో పోయిన చేయి కాదు.

నాలుగింటికి అతని భార్య కొమురమ్మ వచ్చింది. ఆమె కూడా గచ్చిబౌలిలో మొగిలి పనిచేసిన బిల్డింగులోనే మూడో అంతస్తు హౌస్‌కీపింగ్. బస్సులు లేక నడిచి వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై ఎనిమిది రోజులు. డిపోలోంచి ఒక్క బస్సు కదలడం లేదు. చెప్పులు విడిచి, కాళ్ళ మీద నీళ్ళు పోసుకుని, మొగిలి ఉత్తరం చదువుతుంటే వింది.

"గా దినం నీతోని ఎవరున్నరు?"

"మూర్తన్న. కింద ప్లాంటు రూముల బుల్లిబాబు."

"అయితే మూర్తన్నకు ఫోన్ చెయ్యి."

లింగమూర్తి సైట్ సూపర్‌వైజర్. మొగిలిది, ఆయనది ఒకటే జిల్లా, పక్కపక్క మండలాలు. ప్రమాదం జరిగిన రోజు తన చొక్కా విప్పి చేతికి చుట్టి, బండి మీద వెనక ఒక గార్డును పట్టుకోమని కూర్చోబెట్టి, మొగిలిని దవాఖానకు తీసుకుపోయింది ఆయనే. బనీనుతోనే ఆపరేషన్ గది ముందు చీకటి పడేదాకా నిలబడ్డాడు. తర్వాత రెండుసార్లు బియ్యం తెచ్చి ఇచ్చాడు. ఆయన పేరు తలుచుకోకుండా కొమురమ్మ దీపం పెట్టడం లేదు.

"మొగిలీ, తిన్నవా తమ్మీ?" అన్నాడు లింగమూర్తి ఫోన్లో. మొగిలి సంగతి చెప్పాడు.

"గురువారం సైట్ల ఆడిట్ ఉన్నదిరా. అయినా గీ సమ్మెల ఎట్ల పోతవ్? నేను చెప్పిన గద, దసరా కాంగనే గేటు కాడ రిజిస్టర్ రాసే పని ఇప్పిస్త. కుర్చీల కూసునుడే. గా ఆఫీసుల సుట్టు తిరిగి ఏం పరేషాన్ అయితవ్?"

"అది గాదన్నా. మిషన్ల పనే నేర్పుతరట."

"ఇగ మిషన్ల జోలి ఎందుకురా నీకు? సరే తీయ్, చూస్త."

ఫోన్ పెట్టేశాక కొమురమ్మ చాటలో బియ్యం పోసుకుని కూర్చుంది. రాళ్ళు ఏరుతూ తల ఎత్తకుండా అంది. "బుల్లిబాబును అడుగరాదు?"

"వాని పేరెత్తకు."

"ఎందుకు?"

"బటన్ నొక్కినోడు వాడు. నా చెయ్యి లోపల ఉన్నప్పుడు మిషన్ ఆన్ చేసినోడు వాడే. ఒక్కనాడన్న దవాఖానకు వచ్చి మొకం చూపిచ్చిండా?"

కొమురమ్మ మళ్ళీ రాళ్ళు ఏరసాగింది. అంతకు ముందు కూడా వాళ్ళిద్దరికీ పడలేదని ఆమెకు తెలుసు. ప్లాంటు రూములో మిషన్లు ఆన్ చేసే ఆపరేటర్ బుల్లిబాబుది తణుకు దగ్గర ఊరు. రాష్ట్రం మాట మీద ప్లాంటు రూములో ఒకరోజు ఇద్దరూ గొంతులు పెంచుకున్నారు. మర్నాటి నుంచి టీ వేరువేరుగా తాగారు.

బుధవారం పొద్దున మొగిలి నడుచుకుంటూ సైటుకు పోయాడు. గేటు దగ్గర గార్డులు గుర్తుపట్టి కుర్చీ వేశారు. లింగమూర్తికి కబురు పంపారు. మీటింగులో ఉన్నాడని జవాబు వచ్చింది. ఆఫీసు క్యాబులు ఒకదాని వెనక ఒకటి వచ్చి, మెడలో కార్డులు వేసుకున్న వాళ్ళను దింపి పోతున్నాయి. అద్దాల గోడ వెనక ఎక్కడో నాలుగో అంతస్తులో తన వేళ్ళు తీసుకున్న ఏడో నంబరు మిషన్ తిరుగుతూనే ఉండాలి. రెండు గంటలు కూర్చున్నాడు. మళ్ళీ కబురు పంపమని అడగడానికి మొహమాటపడి లేచి వచ్చేశాడు. పెద్దమనిషి, ఎన్ని పనులో, అనుకున్నాడు దారి పొడవునా.

గురువారం పొద్దున ఏడున్నరకు సందులో బండి ఆగింది. మొగిలి తలుపు తీసేసరికి బుల్లిబాబు హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, ముప్పై ఏళ్ళు లేవు. ఆర్నెల్లలో ఇంకా చిక్కాడు.

"నమస్కారం అండి" అన్నాడు. చూపు మొగిలి చేతి మీద పడి, వెంటనే నేల మీదికి జారింది. "అక్క నిన్న ప్లాంటు రూముకి వచ్చి చెప్పారండి. కూకట్‌పల్లి నుంచి వచ్చాను. నాది సెకండ్ షిఫ్టు. పొద్దున్నే వెళ్దామండి."

మొగిలి వెనక్కి తిరిగి కొమురమ్మను చూశాడు. ఆమె యూనిఫాం కొంగు దోపుకుంటూ, "నేనే చెప్పిన. ఇగ తిట్టుకుంటె తొవ్వల తిట్టుకో. ఆలస్యమైతది, పో" అంది.

బండి ఎక్కాడు గానీ బుల్లిబాబు భుజం పట్టుకోలేదు. వెనక కమ్మీని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. బండి గచ్చిబౌలి దాటింది.

కొత్తగూడ చౌరస్తా దగ్గర దారి మూసేశారు. రోడ్డు మధ్యన రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద డేగిశాలు. సమ్మెలో ఉన్న ఉద్యోగులు అక్కడే వంట చేసి అక్కడే తింటున్నారు. ఖాకీ చొక్కాల ఆర్టీసీ వాళ్ళు, స్కూలు టీచర్లు, మెడలో గులాబీ కండువాలు. ఐటీ ఆఫీసుల కుర్రవాళ్ళు కూడా బ్యాగులు పక్కన పెట్టి విస్తళ్ళు పరుస్తున్నారు. బండ్లు అటు ఇటు వందలు ఆగిపోయాయి. బుల్లిబాబు ఇంజను ఆపాడు. అతని వీపు బిగుసుకుపోవడం మొగిలికి తెలిసింది.

ఖాకీ చొక్కా మనిషి ఒకడు గరిటె పట్టుకునే దగ్గరికి వచ్చాడు. చొక్కా మీద పోచయ్య అని పేరు బిళ్ళ. డ్రైవర్. "దిగుండ్రి. తిననిది పంపుడు లేదు."

"పదకొండింటికి ఈఎస్‌ఐ ఆఫీసుల ఉండాలె అన్నా" అని మొగిలి చేయి చూపించాడు.

పోచయ్య వంగి చేతిని దగ్గరగా చూశాడు. "ఏ మిషన్‌ల పడ్డది?"

"ఏసీ ఫ్యాన్ బెల్టుల."

"మా డిపోల ఒకనికి గిట్లనే. ఆగుర్రి, సైడుకెల్లి తొవ్వ తీపిస్త. గని రెండు ముద్దలు తిని పోవాలె. మీ సారూ?" అని బుల్లిబాబు వైపు తిరిగాడు.

"వద్దండి, టిఫిన్ అయిందండి" అన్నాడు బుల్లిబాబు.

'అండి' వినగానే చుట్టుపక్కల రెండు మూడు తలలు తిరిగాయి. పోచయ్య కనుబొమలు ముడేశాడు.

"ఏ ఊరు?"

"తణుకు దగ్గరండి."

మొగిలికి ఏం జరుగుతుందో తెలియలేదు. తెలియకుండానే బండి దిగి బుల్లిబాబుకూ పోచయ్యకూ మధ్య నిలబడ్డాడు. "నాకు సాక్షం చెప్పనీకి వస్తుండన్నా. షిఫ్టుకు ముందు పనిగట్టుకొని వచ్చిండు" అన్నాడు.

పోచయ్య గరిటె కిందికి దించాడు. "తణుకా! ఏడేండ్లు రాజమండ్రి బండి తోలినయ్యా నేను. తెల్లారుజామున రావులపాలెం కాడ ఆపితె అరటిపండ్లు గెలలకు గెలలు ఎక్కిద్దురు. ఒక్కనాడు పైస ఇయ్యనియ్యలే పండ్లమ్మే గా ముసలామె, డ్రైవర్ బాబు అని." విస్తరాకులో కిచిడి వేసి, మీద పచ్చిపులుసు పోసి, ముందు బుల్లిబాబు చేతిలోనే పెట్టాడు. "మాకు మా రాష్ట్రం కావాలె. గంతవరకే పంచాది. తిను, సల్లారుతది."

నిలబడే తిన్నారు. మొగిలి ఎడమచేత్తో తింటుంటే విస్తరి వంగిపోతోంది. బుల్లిబాబు ఏమీ అనకుండా తన అరచేయి కింద పెట్టి విస్తరిని మోశాడు. పోచయ్య ఇద్దరు మనుషులతో ఆటోలను జరిపించి సందు చేశాడు. బండి కదిలాక మొగిలి కమ్మీ వదిలి బుల్లిబాబు భుజం మీద చేయి వేశాడు.

ఈఎస్‌ఐ ఆఫీసులో జనం పల్చగా ఉన్నారు. కేంద్రం ఆఫీసు కాబట్టి తెరిచే ఉంది గానీ రావడానికి బస్సుల్లేవు. మేనేజరు వసంత మేడమ్ నలభై ఐదేళ్ళ మనిషి. మెహిదీపట్నం నుంచి తానూ లిఫ్టులు అడుక్కుంటూ వచ్చానని చెప్పింది. మొగిలి ఫైలు తీసి ముందు పెట్టుకుంది.

"కంపెనీ రిపోర్టు ఒకటే అయితే నేను ఎంక్వయిరీలో తేల్చేదాన్ని మొగిలీ. కానీ నువ్వే రాసిచ్చినవ్ కదా."

"నేనా? నేనేం రాయలేదు మేడమ్."

ఆమె కాగితం తిప్పి చూపించింది. టైపు చేసిన నాలుగు లైన్లు. కింద నీలం రంగు వేలిముద్ర. చదివి వినిపించింది. "డ్యూటీ అయిపోయిన తర్వాత, ఎవరూ చెప్పకుండా, నా అంతట నేనే మిషన్ గదిలోకి వెళ్ళి చేయి పెట్టాను. ఇందులో ఎవరి తప్పూ లేదు."

మొగిలికి ప్రమాదం జరిగిన రాత్రి జ్ఞాపకం వచ్చింది. ఆపరేషన్ అయి కళ్ళు తెరిచాడు. లింగమూర్తి మంచం పక్కన వంగి, దవాఖాన సెలవు కాగితం తమ్మీ, అని ఎడమ బొటనవేలు పట్టి మెల్లగా ఒత్తించాడు. తర్వాత ఆ సిరాను తన రుమాలుతో ఆయనే తుడిచాడు.

"సెలవు కాగితమన్నరు మేడమ్" అన్నాడు.

బుల్లిబాబు కుర్చీలోంచి లేచాడు. ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. "షిఫ్టు అయిపోయింది నిజమేనండి. కానీ నాలుగో ఫ్లోర్ సర్వర్ గది వేడెక్కిపోతోందని అక్కడి ఐటీ కంపెనీ వాళ్ళు గోల. ఏడో నంబరు బెల్టు తెగింది. మార్చి వెళ్ళమని మొగిలి గారిని ఆపేశారండి. ఆ మిషన్‌కి బెల్టు మీద ఉండాల్సిన జాలీ మూత నాలుగు నెల్ల ముందే విప్పేశారు, గడగడమంటోందని. నేను కింద ప్యానెల్ దగ్గరున్నాను. రెండూ నలభైకి వాకీటాకీలో 'ఏడు ఆన్ చెయ్' అన్నారు. నొక్కానండి." కుర్చీ అంచు పట్టుకున్నాడు. "నేనే నొక్కాను. పైనెవరున్నారని అడగాల్సింది. అడగలేదండి."

"ఆన్ చెయ్ అన్నది ఎవరు?"

"సూపర్‌వైజర్ గారు. లింగమూర్తి గారు."

మొగిలి తల తిప్పి బుల్లిబాబును చూశాడు. ఆర్నెల్లుగా వాడే, వాడి అంతట వాడే నొక్కాడని తిట్టుకుంటూ నిద్రపోయాడు.

బుల్లిబాబు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. లోపల జిరాక్స్ కాగితం, మడతల దగ్గర అరిగిపోయింది. ప్లాంటు రూములో గంటగంటకూ నీళ్ళ వేడి, గాలి వేడి రాసే లాగ్ బుక్కులోని పేజీ. రెండూ నలభై దగ్గర అతని చేతిరాత: ఏడు ఆన్, లింగమూర్తి గారు చెప్పగా.

"మర్నాడే తీయించానండి. నోరు తెరిస్తే పోలీసు కేసు నా మీదే అవుతుందన్నారు. భయపడ్డాను. ఆసుపత్రి గేటు దాకా రెండుసార్లు వచ్చానండి, మొగిలి గారూ. లోపలికి రాలేకపోయాను."

వసంత మేడమ్ కాగితాన్ని వెలుగులో పట్టుకుని చూసింది. ఇద్దరి మాటలూ తన చేత్తోనే రాసుకుంది, ఒక్కో లైను చదివి వినిపిస్తూ. "అసలు పుస్తకం కూడా నేనే వెళ్ళి చూస్తా. కానీ పని ఉందని ఆపితే అది డ్యూటీనే. పనిలో పోయిన చెయ్యే ఇది" అంది. విద్యానగర్‌కు ఉత్తరం టైపు చేయించి, ముద్ర వేసి ఇచ్చింది. "సోమవారం పదింటికి పరీక్ష పెడతరు. అక్టోబరు బ్యాచికి అదే ఆఖరు రోజు. మర్చిపోకు."

మొగిలి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆమె లేచి నిలబడింది. "నాకు కాదు. అతనికి పెట్టు" అంది.

శుక్రవారం సాయంత్రం లింగమూర్తి మణికొండలో మొగిలి ఇంటికి వచ్చాడు. చేతిలో బత్తాయిల సంచి. లోపలికి రమ్మంటే రాకుండా గడప బయట పీట మీద కూర్చున్నాడు. కొమురమ్మ నీళ్ళిచ్చి లోపలికి పోయింది. ఆ రోజు ఆమె మొహంలో నవ్వు లేదు.

"మేడమ్ వచ్చింది, లాగ్ బుక్కు తీస్కపోయింది" అన్నాడు లింగమూర్తి. "నాకు అర్థమైంది."

"సెలవు కాగితమన్నవ్ గదనే."

లింగమూర్తి బత్తాయిల సంచి ముడి విప్పాడు, మళ్ళీ వేశాడు. "ఆనాడు ఆన్ చెయ్ అన్నది నేనే. నువ్వు బెల్టు ఎక్కిచ్చి దిగినవనుకున్న. పైనుంచి ఒకటే ఫోన్లు. అడుగకుంట అన్న. నీ చెయ్యి చూసినంక నాకు మతి పోయింది. కంపెనీ కాగితం తయారుచేసింది, ముద్ర ఏపియ్యమన్నది. పదిహేడేండ్ల కొలువురా. ఏపిచ్చిన."

లోపల కొమురమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నన్ను బండి మీద ఏస్కొని తీస్కపోయినవ్. జర ఆలస్యమైతే పానం పోతుండె అన్నరు డాక్టర్లు. అది నేను మర్వ. గని అన్నా, నా ఏలుముద్ర నాకు తెల్వకుంట తీసుకున్నవ్. అది గూడ మర్వ."

"అన్ని మిషన్లకు జాలీలు బిగిచ్చిన" అన్నాడు లింగమూర్తి. "నువ్వు దవాఖానల ఉండంగనే. పదకొండు మిషన్లకు, నేనే బిగిచ్చిన, ఎవ్వరికి చెప్పకుంట."

బత్తాయిలు పీట మీదే వదిలి వెళ్ళిపోయాడు. కొమురమ్మ వచ్చి సంచి వంక చూసింది. "ఏం చెయ్యాలె వీటిని?"

"తిందాం. పండ్లేం చేసినయ్?" అన్నాడు మొగిలి.

శనివారం ఆమె పని నుంచి రొప్పుతూ వచ్చింది. బుల్లిబాబును గేటు దగ్గరే ఆపేశారట. తప్పంతా ఆపరేటర్‌దేనని, చెప్పకుండానే మిషన్ ఆన్ చేసి ఇప్పుడు సూపర్‌వైజర్ మీద తోస్తున్నాడని కాంట్రాక్టు కంపెనీ రాసిందట. లాగ్ బుక్కులో ఆ లైనును తర్వాతెప్పుడో ఇరికించాడంటున్నారు. సోమవారం పదింటికి బిల్డింగు మేనేజరు ఉదయ్ భాస్కర్ అందరినీ పిలిచాడు. అది అయ్యాక బుల్లిబాబును పనిలోంచి తీసేస్తారు.

"సోమారం పదింటికి" అన్నాడు మొగిలి.

"ఔ."

ఇద్దరూ వసంత మేడమ్ ఇచ్చిన ఉత్తరం వైపు చూశారు. అది దేవుడి పటం వెనక ఉంది.

ఆదివారం అంతా దాని గురించి మాట్లాడుకోలేదు. సాయంత్రం కొమురమ్మ అతని తెల్లచొక్కా ఉతికి ఆరేసింది. ఇస్త్రీ పెట్టె లేదు గనుక తడిగా ఉండగానే చేత్తో రుద్ది మడతలు తీసింది. "ఏడికి పోయినా ఏసుకోవాలె గద" అంది. అప్పుడు మొగిలి, "ముందుగాల సైటుకే పోత" అన్నాడు. ఆమె తల ఊపింది. విద్యానగర్ వాళ్ళు ఆలస్యానికి ఒప్పుకోకపోతే ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు.

సోమవారం పదింటికి ఉదయ్ భాస్కర్ గదిలో నలుగురున్నారు. కంపెనీ మనిషి ఒకడు ఫైలు పట్టుకుని, లింగమూర్తి కిటికీ దగ్గర, బుల్లిబాబు తలుపు పక్కన. చల్లటి గాలి పై నుంచి పడుతోంది. మొగిలి లోపలికి రాగానే బుల్లిబాబు కంగారుగా, "మీకివాళ విద్యానగర్‌లో కదండీ!" అన్నాడు.

"పోత. గిది కానీ."

ఉదయ్ భాస్కర్ మర్యాదగా కుర్చీ చూపించాడు. "చెప్పండి మొగిలి గారు. ఆర్డర్ మీరు వినలేదు కదా? అప్పుడు మీరు మిషన్ గదిలో ఉన్నారు."

"వినలేదు సార్."

"మరి ఏం చెప్తారు?"

మొగిలి లింగమూర్తి వైపు చూశాడు. లింగమూర్తి బయట పార్కింగ్ వైపు చూస్తున్నాడు. గడప ముందు పీట మీద కూర్చుని ఒక మనిషి మనసు విప్పి చెప్పిన మాటను, పదిమందిలో అతని మీదే చెప్పాలి. దవాఖానకు మోసుకుపోయిన మనిషి మీద.

"సార్, మొన్న శుక్రారం మా ఇంటికి..."

"వానితోని చెప్పియ్యకుండ్రి సార్." లింగమూర్తి కిటికీ దగ్గర నుంచి ఇటు తిరిగాడు. "నేనే చెప్త. ఆన్ చెయ్ అన్నది నేనే. బుల్లిబాబు ఆనాడే రాసిండు, నా ముంగటనే రాసిండు. చింపమన్న. చింపలే. మొగిలిని ఆపింది గూడ నేనే. కాగితం మీద ఏలుముద్ర ఏపిచ్చింది నేనే."

ఫైలు మనిషి, "లింగమూర్తి గారూ, ఆలోచించి మాట్లాడండి" అన్నాడు.

"ఆర్నెల్ల సంది ఆలోచిస్తున్న."

ఉదయ్ భాస్కర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "రాసివ్వగలరా?"

"ఇస్త."

"సరే. బుల్లిబాబుని గేటు దగ్గర ఆపొద్దని చెప్పండి. ఇవాళ్టి షిఫ్టు నుంచే రానివ్వండి. మీ సంగతి మీ కంపెనీతో మాట్లాడి చెప్తాను, లింగమూర్తి గారూ."

బయటికి వచ్చాక వరండాలో లింగమూర్తి మొగిలి తెల్లచొక్కా కాలరు సరిచేశాడు. "ఇంకా ఈడనే ఉన్నవేందిరా? ఉరుకు" అన్నాడు. ఆయన కొలువు ఏమవుతుందో ఆయనకే తెలియదు. అయినా మొహం తేటగా ఉంది. మొగిలి ఎడమచేత్తో ఆయన చేయి పట్టుకుని ఒక్క క్షణం ఉంచి, వదిలాడు.

బుల్లిబాబు బండి మీద విద్యానగర్ చేరేసరికి పన్నెండూ ఇరవై. శిక్షణ కేంద్రంలో పరీక్షలు పెట్టే యజ్ఞనారాయణ మాస్టారు రిజిస్టరు మూసి అన్నం డబ్బా విప్పుతున్నాడు. తలపండిన మనిషి.

"పదింటికి కదయ్యా రమ్మన్నది?"

"సాక్షం చెప్పనీకి పోయిన సార్. నా కోసం సాక్షం చెప్పినాయన పని పోతుండె."

"పోయిందా?"

"లేదు సార్. ఉన్నది."

మాస్టారు డబ్బా మూత పెట్టేశాడు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఎడమచేత్తో మౌస్ కదపమన్నాడు. బాణం గుర్తు తెర అంచుకు పారిపోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పారిపోయింది. మొగిలి నుదుట చెమట పట్టింది. మాస్టారు తొందరపెట్టలేదు. కాసేపయ్యాక పక్క గదిలోకి తీసుకుపోయాడు. అక్కడ నేర్పడానికి పెట్టిన చిన్న ఏసీ మిషన్ ఉంది. ఆన్ చేసి, "దీనికేమైంది?" అని అడిగాడు.

మొగిలి కళ్ళు మూసుకుని విన్నాడు. "మోటారు దిక్కు బేరింగు పోయింది సార్. ఫ్యాన్ దిక్కుది మంచిగనే ఉన్నది. ఇంకో పది దినాలు నడుస్తది, అంతే."

యజ్ఞనారాయణ మాస్టారు మిషన్ ఆపాడు. "మా వాళ్ళు రెండూ మార్చాలన్నారు" అని, నవ్వకుండానే రిజిస్టరు తెరిచి పేరు రాసుకున్నాడు. "చెయ్యి నేను నేర్పుతా. చెవి మాత్రం నేర్పలేను. అది తెచ్చుకున్నావు. అక్టోబరు మూడు, తొమ్మిదిన్నరకి. ఆ రోజు మాత్రం ఎవరికీ సాక్ష్యం చెప్పొద్దు."

"చెప్ప సార్" అని, మొగిలి గుమ్మం దాటాక ఒక్క నిమిషం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వసంత మేడమ్, పోచయ్య, చొక్కా విప్పి చుట్టిన లింగమూర్తి, తనను అడగకుండానే పోయి బుల్లిబాబును అడిగి వచ్చిన కొమురమ్మ, ఒక్కొక్కరూ కళ్ళ ముందుకు వచ్చారు. ఇంతమందికి దండం పెట్టాలంటే ఒక చెయ్యి చాలదు అనుకున్నాడు. అనుకుని తనలో తనే నవ్వుకున్నాడు.

గేటు బయట బుల్లిబాబు బండి పక్కన నిలబడి ఉన్నాడు. షిఫ్టుకు టైమవుతోంది, పొమ్మని మొగిలి ముందే చెప్పాడు. పోలేదు.

"ఏమన్నారండి?"

"తీసుకున్నరు."

బుల్లిబాబు తల ఊపాడు. ఇంకోసారి ఊపాడు. తర్వాత ఫుట్‌పాత్ అంచు మీద కూలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆర్నెల్లుగా లోపల అదిమి పెట్టుకున్నదంతా భుజాలను కుదిపేస్తూ బయటికి వస్తోంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. మొగిలి పక్కన కూర్చున్నాడు. ఊరుకో అనలేదు. కుడిచేతిని అతని వీపు మీద ఆనించి, అలాగే ఉంచాడు. ఏడుపు తగ్గేదాకా ఎదురుగా ఖాళీ రోడ్డును చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత ఎడమచేత్తో ఫోన్ తీసి కొమురమ్మకు కలిపాడు.

"తీసుకున్నరే. మూడో తారీకు సంది. ఆ... ఆ... నువ్వేడ్వకు, ఈడ ఒకరు ఏడుస్తనే ఉన్నరు." బుల్లిబాబు కళ్ళు తుడుచుకుంటూ తలెత్తి చూశాడు. మొగిలి అతని వంక చూస్తూనే ఫోన్లో అన్నాడు. "షిఫ్టు దిగినంక మన ఇంటికే వస్తడు. ఇంకో గ్లాసెడు బియ్యం ఎక్కువ పొయ్యి."